తేమ ఉన్న చోటే శిలీంధ్రం: కర్నూలు, కడప మెట్ట పైరులలో కీటకాల జీవనియంత్రణ

పరిచయం

వేరుశనగ చేలలో వారం రోజులు ముసురు పట్టి తెరపి ఇచ్చిన తరువాత, ఆకుల పైభాగాన పొగాకు లద్దె పురుగులు కదలక అతుక్కొని ఉండడం కొన్ని సంవత్సరాలలో కనిపిస్తుంది. ముట్టుకుంటే అవి సుద్దముక్కల వలె గట్టిగా ఉంటాయి. మొదట తెల్లని బూజు, కొద్ది రోజులకు లేత ఆకుపచ్చ పొడి వాటిని కప్పివేస్తాయి. ఆ పురుగులను చంపినది రసాయన మందు కాదు, మెటారైజియం రైలీ అనే శిలీంధ్రం. పూర్వం దీనినే నొమూరియా రైలీ అని వ్యవహరించేవారు. పైరుకు హాని చేయక, కీటకాలకు మాత్రమే తెగులు కలిగించే ఇటువంటి శిలీంధ్రాలను పెంచి సస్యరక్షణకు వినియోగించడమే శిలీంధ్ర జీవనియంత్రణ.

ఈ దృశ్యంలోనే ఒక చిక్కు కూడా ఇమిడి ఉన్నది. ముసురు పట్టినందువల్లనే ఆ తెగులు చేనంతా వ్యాపించింది. కర్నూలు ప్రాంతం అల్ప వర్షపాత మండలానికి చెందినది. అక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మి.మీ. కడపలో అది సుమారు 700 మి.మీ. ఆ వాన కూడా కొద్ది రోజులలోనే కురిసి పోతుంది. వానకు వానకు మధ్య బెట్ట తప్పదు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఇటువంటి సీమలో తేమను కోరే జీవిని రైతు నమ్ముకోవచ్చునా? బవేరియా చల్లినా పురుగు చావలేదని రైతు చెప్పినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వవలసిన సమాధానం ఏమిటి? శిలీంధ్రం పనిచేసే విధానాన్ని అర్థం చేసుకుంటే ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం దొరుకుతుంది.

పూర్వ చరిత్ర

కీటకాలకు శిలీంధ్రం తెగులు తెస్తుందన్న సంగతి మొదట పట్టు పురుగుల వలన తెలిసింది. ఇటలీ దేశస్థుడు అగస్టీనో బాస్సి పట్టు పురుగులు తెల్లబడి గట్టిపడి చనిపోయే వ్యాధిని దీర్ఘకాలం పరిశీలించి, దానికి ఒక సూక్ష్మ శిలీంధ్రమే కారణమని, అది ఒక పురుగు నుండి మరొక పురుగుకు అంటుతుందని 1835లో ప్రకటించాడు. సూక్ష్మజీవి వలన జంతువుకు వ్యాధి కలుగుతుందని ప్రయోగపూర్వకంగా నిరూపించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఆ శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగానే బవేరియా బాసియానా అన్న పేరు స్థిరపడింది.

తెగులును ఆయుధంగా మలచుకోవచ్చునన్న ఆలోచన ఆ తరువాతిది. 1879లో ఒడెస్సా ప్రాంతంలో గోధుమ పైరును తినే పెంకు పురుగులపై ఎలీ మెచ్నికాఫ్ ఒక ఆకుపచ్చ శిలీంధ్రాన్ని పరిశీలించి, దానిని పెంచి పొలాలలో వాడవచ్చునని సూచించాడు. అదే నేటి మెటారైజియం అనైసోప్లియే. ఈ రెండింటితో పాటు రసం పీల్చే పురుగులపై వాడే లెకానిసిల్లియం లెకాని కూడా నేడు మన రైతులకు పొడి రూపంలో లభిస్తున్నది.

పురుగు శరీరంలో జరిగేది

బాక్టీరియా, వైరస్ సంబంధమైన జీవ మందులు పురుగు నోటి ద్వారా కడుపులోనికి పోతేనే పనిచేస్తాయి. శిలీంధ్రానికి ఆ అవసరం లేదు. అది చర్మాన్ని తొలుచుకొని లోనికి పోగలదు. అందువలన ఆకును నమలని పేనుబంక, తెల్లదోమ, తామర పురుగు వంటి రసం పీల్చే పురుగులపైన, నేలలో దాగి ఉండే కోశస్థ దశలపైన కూడా దీనిని ప్రయోగించవచ్చును.

శిలీంధ్రపు సిద్ధబీజం పురుగు చర్మాన్ని తాకి అంటుకోవడం మొదటి దశ. తగినంత తేమ, 25 నుండి 30 డిగ్రీల ఉష్ణోగ్రత ఉంటే సుమారు ఒక రోజులో అది మొలకెత్తుతుంది. మొలక చివర ఒక గుబ్బ ఏర్పడి చర్మానికి గట్టిగా అతుక్కుంటుంది. అక్కడి నుండి మాంసకృత్తులను, కొవ్వులను, కైటిన్‌ను కరిగించే ఎంజైములు వెలువడతాయి. ఒకవైపు కరిగిస్తూ, మరొకవైపు ఒత్తిడితో పొడుస్తూ శిలీంధ్రం రక్తకుహరంలోనికి చేరుతుంది. అక్కడ చిన్న చిన్న కణాలుగా విభజన చెంది, పోషకాలను హరిస్తూ, విషపదార్థాలను విడుదల చేస్తుంది. పురుగు మేత మానివేస్తుంది, మందగిస్తుంది, సాధారణంగా 4 నుండి 10 రోజులలో చనిపోతుంది.

ఈ క్రమం నుండి రెండు ముఖ్య విషయాలు గ్రహించాలి. మొదటిది, మందు చల్లిన మరునాడు చేనుకు వెళ్ళి పురుగు బ్రతికే ఉన్నదని తీర్పు చెప్పడం సరికాదు. రెండవది, పురుగు కుబుసం విడిచినప్పుడు పాత చర్మంతో పాటు దానికి అంటుకొని ఇంకా లోనికి పోని సిద్ధబీజాలు కూడా రాలిపోతాయి. పెద్ద పురుగుల చర్మం దళసరిగానూ ఉంటుంది. కావున గుడ్లు పొదిగిన వెంటనే కనిపించే మొదటి, రెండవ దశ లార్వాలపై చల్లితేనే ఆశించిన ఫలితం వస్తుంది.

రెండు రకాల తేమ

శిలీంధ్రానికి తేమ కావాలన్నది అందరికీ తెలిసినదే. అయితే అది రెండు వేరువేరు సందర్భాలలో, రెండు వేరువేరు పనులకు కావాలి. ఈ భేదాన్ని గుర్తించకపోవడమే అనేక వైఫల్యాలకు మూలం.

మొదటి అవసరం సిద్ధబీజం మొలకెత్తడానికి. దీనికి చేనంతా తడిగా ఉండనక్కరలేదు. ఆకు అడుగుభాగాన, మొక్క సుడిలో, నేల పొరలలో, పురుగు శరీరాన్ని అంటిపెట్టుకొని ఉండే పలుచని గాలిపొరలో తేమ ఒక రాత్రి పాటు నిలిచినా చాలును. బయటి గాలి పొడిగా ఉన్నప్పటికీ ఇటువంటి చోట్ల తేమ ఎక్కువగా ఉండవచ్చును.

రెండవ అవసరం, చచ్చిన పురుగు నుండి కొత్త సిద్ధబీజాలు పుట్టడానికి. శిలీంధ్ర తంతువులు శవాన్ని చీల్చుకొని వెలుపలికి వచ్చి పొడిని వెదజల్లాలంటే గాలిలో తేమ 90 శాతానికి మించి కొంతకాలం నిలవాలి. వేరుశనగలో ముసురు సమయాన కనిపించే సామూహిక మరణాలకు ఇదే కారణం.

దీనిని బట్టి మెట్ట ప్రాంతాలలో ఏమి ఆశించవచ్చునో తేటపడుతుంది. తగిన వేళ చల్లితే మందు తగిలిన పురుగు చస్తుంది. కాని బెట్ట వాతావరణంలో ఆ శవం బూజు పట్టదు, తెగులు పక్క పురుగుకు అంటదు. ఒకసారి చల్లితే తెగులు తనంతట తానే చేనంతా పాకుతుందన్న మాట ముసురు రోజులకు చెల్లుతుంది గాని బెట్ట రోజులకు చెల్లదు. అటువంటప్పుడు 7 నుండి 10 రోజుల వ్యవధితో మరొకసారి చల్లవలసి ఉంటుంది. ఈ సంగతి రైతుకు ముందుగానే చెప్పాలి.

ఎండ సీమలో తేమ దాగి ఉండే చోట్లు

నేల: శిలీంధ్రానికి శత్రువులైన ఎండ, వేడి, పొడిగాలి మూడింటి నుండి రక్షణ ఇచ్చేది నేల. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు ఆకుపై ఉన్న సిద్ధబీజాలను కొద్ది గంటలలోనే నిర్వీర్యం చేస్తాయి. నేలలో అవి నెలల తరబడి సజీవంగా ఉండగలవు. కావున రాయలసీమలో శిలీంధ్ర వినియోగానికి మొదటి స్థానం వేరుశనగ వేరు పురుగుకే ఇవ్వాలి. తొలకరి వానలకు ఈ పురుగు తల్లి పెంకు పురుగులు సందె వేళ నేల నుండి వెలువడి వేప, తుమ్మ, రేగు చెట్లపై చేరి, తిరిగి నేలలో గుడ్లు పెడతాయి. పొదిగిన పిల్లపురుగులు వేర్లను కొరకడం వలన మొక్కలు గుంపులు గుంపులుగా వాడి చనిపోతాయి. రైతు గుర్తించేసరికి పురుగు పెద్దదై ఉంటుంది. దక్షిణ భారతదేశపు వేరుశనగ నేలలలో హోలోట్రైకియా రేనాడి అనే జాతి ముఖ్యమైనదని సర్వేలలో తేలింది.

దీని అదుపునకు ఎకరాకు సుమారు 2 కిలోల మెటారైజియం అనైసోప్లియే పొడిని 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఆరిపోకుండా నీడలో వారం పది రోజులు ఉంచి, ఆఖరి దుక్కిలో వేసి కలియదున్నాలి. నేలలో పదును ఉన్నప్పుడే ఈ పని చేయాలి. చెట్లపై చేరిన పెంకు పురుగులను సందె వేళ కొమ్మలు కుదిపి ఏరివేయడం దీనికి తోడు కావాలి. ఒక్క రైతు ఏరితే చాలదు. ఊరంతా కలిసి తొలకరి నాళ్ళలో చేయవలసిన పని ఇది.

శీతకాలపు మంచు: కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేలలలో శనగ అక్టోబరు, నవంబరు మాసాలలో విత్తుతారు. పైరు నిలువ తేమతోనే పండుతుంది. వాన లేకపోయినా డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉండి, వేకువన ఆకులపై మంచు పడుతుంది. శనగ పచ్చ పురుగు ఆశించే పూత, పిందె దశ కూడా అప్పుడే వస్తుంది. సాయంత్రం చల్లిన బవేరియాకు ఆ రాత్రి మంచే పొడి నేలలో దొరికే తేమ.

అయితే శనగలో ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. ఈ మొక్క ఆకుల నూగు నుండి మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లాలు స్రవిస్తాయి. శనగ ఆకులపైనున్న కొన్ని సహజ రసాయనాలు ఎన్.పి.వి. వైరస్ శక్తిని తగ్గిస్తాయని పరిశోధనలలో తేలింది. కావున ప్రయోగశాల పళ్ళెంలో బాగా పనిచేసిన శిలీంధ్ర జాతిని శనగ ఆకుపై పరీక్షించిన తరువాతనే ఈ పైరుకు సిఫారసు చేయడం మంచిది. విద్యార్థుల పరిశోధనకు ఇది తగిన అంశం.

మొక్కజొన్న సుడి: కత్తెర పురుగు మన దేశంలో మొదటిసారి 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో గుర్తింపబడి, ఆ సంవత్సరమే తెలుగు రాష్ట్రాలకు వ్యాపించింది. దీని లార్వా సుడిలో దాగి తింటుంది. ఎండ తగలని, తేమ నిలిచే ఆ సుడి శిలీంధ్రానికి కూడా అనుకూలమే. విత్తిన 15 నుండి 25 రోజుల మధ్య లీటరు నీటికి 5 గ్రాముల మెటారైజియం అనైసోప్లియే లేదా 3 గ్రాముల మెటారైజియం రైలీ కలిపి సుడిలో పడునట్లు చల్లాలని సిఫారసు ఉన్నది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఈ పురుగు కొరకు మెటారైజియంలో ఎం.ఎ.–35, బవేరియాలో బి.బి.–45 జాతులను ఎంపిక చేసింది.

బిందు సేద్యపు తోటలు: 2021–22లో మిరప పూతను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసినప్పుడు రైతులు వెంటవెంటనే మందులు మార్చి చల్లినా పురుగు అదుపు కాలేదు. ఈ పురుగు పూల లోపల దాగి ఉంటుంది. కోశస్థ దశను నేలపైనా రాలిన ఆకులలోనూ గడుపుతుంది. బిందు సేద్యంలో మొక్క మొదలు వద్ద నేల ఎల్లప్పుడూ చెమ్మగా ఉంటుంది కనుక అక్కడ బవేరియా లేదా మెటారైజియం వేస్తే నేలకు దిగిన పురుగుపై దాడి చేయవచ్చును. పైన పూలపై, ఆకుల అడుగున సాయంత్రం పిచికారి దీనికి తోడుగా ఉండాలి.

సహేల్ ఎడారి అంచు నేర్పిన పాఠం

పొడి నేలలలో శిలీంధ్రం పనిచేయగలదనడానికి బలమైన ఉదాహరణ ఆఫ్రికాలోని సహేల్ ప్రాంతం. మిడతల దండ్లపై రసాయన మందులకు ప్రత్యామ్నాయం వెదుకుతూ 1989లో లుబిలోసా అనే అంతర్జాతీయ పథకం మొదలై 2002 వరకు సాగింది. మిడతలకు తెగులు తెచ్చే మెటారైజియం అక్రిడం జాతిని ఆ పథకం ఎంపిక చేసింది. సిద్ధబీజాలను నీటికి బదులు నూనెలో కలిపి అతి తక్కువ పరిమాణంలో చల్లడమే అక్కడి విజయానికి కీలకం. నూనె సిద్ధబీజాన్ని పురుగు మైనపు చర్మానికి బాగా అతికిస్తుంది, కీళ్ళ సందులలోనికి చేరుస్తుంది, తేమ తక్కువైనా మొలకెత్తడానికి తోడ్పడుతుంది. గ్రీన్ మజిల్ అనే పేరుతో వెలువడిన ఆ మందు వలన మిడతలు చావడానికి ఒకటి నుండి మూడు వారాలు పట్టింది. ఆలస్యమైనా ఎడారి పొడిగాలిలోనే ఫలితం దక్కింది. రాయలసీమకు కూడా నీటిలో కలిపే పొడి కన్నా నూనె ఆధారిత రూపాలు, ఇక్కడి వేడిని తట్టుకునే స్థానిక జాతులు అనువైనవి. స్థానిక చేలలో బూజు పట్టి చనిపోయిన పురుగులను సేకరించి, వాటి నుండి శిలీంధ్రాలను వేరుచేసి, 35 డిగ్రీల వద్ద కూడా పెరిగేవాటిని గుర్తించడం నంద్యాల, తిరుపతి వంటి ప్రాంతీయ పరిశోధనా స్థానాల పరిధిలోనికి వచ్చే పని.

శిలీంధ్రం పనికిరాని సందర్భాలు

పత్తి కాయలోనికి చొచ్చుకొనిపోయిన గులాబీ రంగు పురుగుకు సిద్ధబీజం తగలదు. అక్కడ లింగాకర్షక బుట్టలు, పంటకాలం ముగియగానే మోళ్ళను తీసివేయడం వంటి పద్ధతులే శరణ్యం. పురుగు ఉధృతి నష్ట స్థాయిని దాటి, పెద్ద లార్వాలు పైరును తినివేస్తున్నప్పుడు వారం రోజులు ఆగే వ్యవధి ఉండదు. వడగాలులు వీచే రోజులలో ఆకులపై చల్లడం వ్యర్థం.

శిలీంధ్రనాశనులతో కలిపి చల్లడం మరొక పెద్ద పొరపాటు. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులుకు వాడే టెబుకొనజోల్, మాంకోజెబ్, కార్బెండజిమ్ వంటి మందులు మేలు చేసే శిలీంధ్రాన్ని కూడా చంపుతాయి. అమెరికాలోని సోయాచిక్కుడు చేలలో తెగుళ్ళ మందులు చల్లినందున పురుగులపై సహజంగా రావలసిన నొమూరియా తెగులు వెనుకబడినట్లు గమనించారు. మన వేరుశనగ చేలలో కూడా లద్దె పురుగు, ఆకుమచ్చ తెగులు ఒకే కాలంలో వస్తాయి. కావున రెండింటి మధ్య కనీసం వారం రోజుల వ్యవధి పాటించాలి. ముసురు రోజులలో బూజు పట్టిన లద్దె పురుగులు కనిపిస్తే తెగులు తీవ్రతను బట్టి మాత్రమే శిలీంధ్రనాశని చల్లాలి.

నాణ్యత, నిల్వ, పిచికారి

శిలీంధ్ర మందు ప్రాణమున్న వస్తువు. పురుగుమందుల చట్టం, 1968 ప్రకారం ఇవి కూడా రిజిస్ట్రేషను పొందవలసినవే. బవేరియా, మెటారైజియం 1.15 శాతం పొడిలో గ్రాముకు కనీసం పది కోట్ల సజీవ సిద్ధబీజాలు ఉండాలి. వేసవిలో రేకుల కప్పు కింద నిలువ చేసిన పొట్లంలో అన్ని ఉంటాయని ఆశించలేము. తయారీ తేదీ, గడువు తేదీ, రిజిస్ట్రేషను సంఖ్య చూసి కొనడం, చల్లని నీడలో నిలువ చేయడం అవసరం. అనుమానం ఉన్న పొడిని ప్రయోగశాలలో అగార్ పళ్ళెంపై వేసి ఒక రోజు తరువాత సూక్ష్మదర్శినిలో మొలక శాతం చూస్తే నిజం తేలుతుంది. జిల్లా స్థాయిలో ఈ చిన్న పరీక్షకు ఏర్పాటు ఉంటే అనేక వైఫల్యాలను పొలానికి పోకముందే ఆపవచ్చును.

పిచికారికి లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం సాధారణ మోతాదు. పొడిని ముందుగా కొద్ది నీటిలో ముద్దగా కలిపి, పలుచని గుడ్డతో వడకట్టి, జిగురు మందు చేర్చి పంపులో పోయాలి. అంతకు ముందు శిలీంధ్రనాశని వాడిన పంపును శుభ్రంగా కడగాలి. సాయంత్రం 4 గంటల తరువాత, వీలైతే తడి పెట్టిన రోజు లేదా చిరుజల్లు పడిన రోజు, ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లాలి. సిద్ధబీజాల పొడి కొందరికి అలర్జీ కలిగించవచ్చును కనుక ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

పట్టు రైతులకు హెచ్చరిక

బాస్సి కనుగొన్న తెగులు నేటికీ పట్టు పరిశ్రమకు శత్రువే. మన ప్రాంతంలో సున్నపుకట్టు రోగమని పిలిచేది బవేరియా వలన వచ్చేదే. మెటారైజియం రైలీ కూడా పట్టు పురుగులలో ఆకుపచ్చ సున్నపుకట్టు రోగాన్ని కలిగిస్తుంది. వేరుశనగ చేనులో మిత్రుడైన శిలీంధ్రం మల్బరీ తోటకు చేరితే ఒక పెంపకాన్నే తుడిచిపెట్టగలదు. హిందూపురం, మదనపల్లె వంటి పట్టు ప్రాంతాలతో పాటు కర్నూలు, కడపలలో మల్బరీ సాగు ఉన్న గ్రామాలలోనూ ఈ మందులను సిఫారసు చేయకూడదు. అటువంటి చోట రైతుకు పొట్లం ఇచ్చే ముందు ఇరుగుపొరుగున పట్టు పెంపకం ఉన్నదా అని అడగడం విస్తరణ సిబ్బంది బాధ్యత.

ప్రదర్శన క్షేత్రాలలో మదింపు

రసాయన మందుకు అలవాటైన కొలబద్దతో శిలీంధ్రాన్ని కొలిస్తే అది ఎల్లప్పుడూ ఓడిపోతుంది. మూడవ రోజు లెక్కకు బదులు 7వ, 10వ రోజుల లెక్కలు తీసుకోవాలి. బ్రతికి ఉన్న పురుగులను కొన్నింటిని సేకరించి తడి దూది ఉంచిన డబ్బాలలో పెంచితే ఎన్నింటికి శిలీంధ్రం సోకినదో తెలుస్తుంది. చల్లిన వేళ, ఆ రాత్రి మంచు, గాలిలో తేమ, పురుగు దశ అన్నీ నమోదు చేయాలి. ఈ వివరాలు లేని వైఫల్యం దేనినీ నిరూపించదు. ఈ వివరాలు లేని విజయాన్ని మరొక చేనులో తిరిగి సాధించలేము.

ముగింపు

కర్నూలు, కడప మెట్ట నేలలలో శిలీంధ్రం రసాయన మందుకు సాటి వచ్చే మరొక సీసా కాదు. అది తేమను వెదుక్కునే జీవి. వేరుశనగ నేల పదునులో, శనగపై రాలే మంచులో, మొక్కజొన్న సుడిలో, బిందు సేద్యపు చెమ్మలో దానికి తావు దొరుకుతుంది. మధ్యాహ్నపు ఎండలో, పొడిగాలిలో, శిలీంధ్రనాశని నిండిన పంపులో తావు దొరకదు. మోతాదును మాత్రమే చెప్పే సిఫారసు ఈ ప్రాంతానికి చాలదు. ఏ చోట, ఏ వేళ, ఏ దశలో అన్న మూడు మాటలు కూడా ఉండాలి. అవి లేకుండా అందిన పొట్లం రైతు డబ్బును వృథా చేయడంతో పాటు జీవనియంత్రణపై అతని నమ్మకాన్ని కూడా పోగొడుతుంది. ఒకసారి పోయిన ఆ నమ్మకాన్ని తిరిగి నెలకొల్పడం పురుగును అదుపు చేయడం కన్నా కష్టం.